నిమ్మకాయంత బెల్లం

కంపెనీ వాళ్లు ఎవరికి చూపించినా ముందు అగ్గిపుల్లతోనే మొదలుపెట్టేవాళ్లు. ఓడల యజమానులను కుర్చీల్లో కూర్చోబెట్టి, వాళ్ల ఎదురుగా ఒక బకెట్టు పెట్టి, అందులో తెల్లటి చిక్కటి ద్రవం పోసి, వెలుగుతున్న అగ్గిపుల్లను దాంట్లో పడేసేవాళ్లు. పుల్ల సుయ్యిమని ఆరిపోయేది. "చూశారుగా, ఇదీ మా ఇంధనం. దీంతో మీ ఓడ సగం భూగోళం చుట్టి వస్తుంది. కానీ నిప్పు పెట్టినా అంటుకోదు," అనేవాళ్లు. యజమానులు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అబద్ధం లేదు కాబట్టే జనం దాన్ని అంత గుడ్డిగా నమ్మేశారు.

థాయ్‌లాండ్ మెడను అడ్డంగా కోసి క్రా కాలువ తవ్వి అప్పటికి ఒక తరం గడిచింది. సింగపూర్ చుట్టూ తిరిగి పోవడం మానేసి ప్రపంచంలోని ఓడలన్నీ ఆ కాలువ మీద పడ్డాయి. పడమటి ముఖద్వారం దగ్గర, అండమాన్ సముద్రంలో, ఎప్పుడు చూసినా ఓడలు పెళ్లిభోజనాల దగ్గర రెండో బంతికి కాచుకున్నవాళ్లలా నిలబడి ఉండేవి. ఏ ఓడ వంతు ఎప్పుడో కాలువ రాకపోకలు చూసే టవర్ వాళ్లు చెబుతారు. వంతు తప్పితే మర్నాటిదాకా ఆగాల్సిందే. ఆ కాచుకునే వేళలోనే బార్జీలనే బల్లపరుపు పడవలు పక్కకు చేరి, గొట్టాలు తగిలించి ఓడలకు ఇంధనం పడతాయి. బార్జీల మీద పనిచేసేవాళ్లు చాలామంది మనవాళ్లే. విశాఖ, శ్రీకాకుళం తీరాలనుంచి పోయినవాళ్లు, పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడినవాళ్లు. కంపెనీ ఆ ఇంధనానికి 'సుప్త' అని సోకైన పేరు పెట్టుకుంది. మనవాళ్లు చూసిన వెంటనే దానికి 'గంజి' అని పేరు పెట్టి ఊరుకున్నారు.

ఆ గంజిని తయారుచేసింది డాక్టర్ నూకరత్నం. విశాఖలో జాలర్ల పేటలో, వలలు అల్లే ఇంట్లో పుట్టిన పిల్ల. గంజిలో ఉన్నవి కంటికి కనపడని జీవాలు. మేలుకుంటే హైడ్రోజన్ వాయువును వదులుతాయి. ఆ వాయువే ఓడ ఇంజనుకు మేత. నిద్రలో ఉన్నంతకాలం వాటికి ఉలుకూ పలుకూ ఉండదు. ఇంజను పక్కన చిన్న ఉక్కు గది ఒకటి ఉంటుంది. ట్యాంకులోంచి గంజి కొద్దికొద్దిగా అందులోకి దిగుతుంది. అక్కడ మేలుకొలుపు మందు చుక్కలుగా పడుతుంది. లోపలికి వచ్చింది మళ్లీ ట్యాంకులోకి పోకుండా గట్టి కవాటం ఉంటుంది. ఎందుకంటే మేలుకున్న జీవం పక్కదాన్ని లేపుతుంది, అది తన పక్కదాన్ని లేపుతుంది. కడవెడు పాలకు చెంచాడు తోడు చాలినట్టే. లేచినదాన్ని మళ్లీ జోకొట్టే మందు కోసం రత్నం ఇంకా వెతుకుతూనే ఉంది. ఆ మందు దొరికేదాకా ఆగుదామని ఆవిడ అడిగితే, అప్పటికే ఓడలు బేరం కుదుర్చుకున్నాయని కంపెనీ ఆగలేదు.

ఇక ఆ మేలుకొలుపు మందు సంగతి. దాన్ని చిన్న గాజు గొట్టాల్లో పోసి అత్తరు ధరకు అమ్మేవాళ్లు. ఇంధనం మీదకంటే కంపెనీకి ఆ గొట్టాల మీదే లాభం ఎక్కువ. తీరా చూస్తే అది చెరకు పాకం. కాస్త శుద్ధి చేసి, కాస్త ఉప్పు వేసి, పాకమని ఎవరూ పోల్చుకోకుండా నీలిరంగు కలిపారు. తీపి తగిలితే చాలు, గంజి లేస్తుంది. ఈ రహస్యం తెలిసినవాళ్లు కంపెనీలో ఇద్దరు ముగ్గురే. బయటపెట్టనని రత్నం సంతకం చేసింది. ఆ రోజుల్లో ఆ సంతకం ఆవిడకు గొప్పగానే అనిపించింది.

రత్నం అన్న ఎల్లాజీ ఊళ్లో చేపల బోట్లకు డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. చెల్లెలే పిలిచి బార్జి మీద గొట్టాల పనిలో పెట్టించింది. కంపెనీ క్వార్టర్లలో రత్నం అన్నా వదినలతో, వాళ్ల పాపతోనే ఉండేది. పనిలో చేరిన రోజున ఎల్లాజీ బకెట్టులో గంజిని వేలితో తాకి, వాసన చూసి, "ఒలే సెల్లీ, దీనికి ఏటి తగలకూడదో సెప్పు. డీజిల్‌కి నిప్పు తగలకూడదు, ఉప్పునీరు తగలకూడదు. దీనికేటి?" అని అడిగాడు. అడగవలసిన మాటే అడిగాడు.

రత్నం నీళ్లు నమిలింది. "ఏం తగిలినా ఏం కాదన్నా," అంది.

"అయితే మా అత్త లాటిది," అని ఎల్లాజీ నవ్వి పనిలోకి పోయాడు.

ఆ తర్వాత అంతా సాఫీగానే సాగింది. గంజి మీద జనానికి భయం పోయింది. డీజిల్ కాలంలో గొట్టం దగ్గర బీడీ ముట్టిస్తే మేస్త్రీ చెవి మెలేసేవాడు. ఇప్పుడు మేస్త్రీయే గొట్టం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. వదిన పోలేశ్వరి చేపల పులుసు పెట్టింది. ఎల్లాజీ బార్జి దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏటి, లాటరీ తగిలినాదా?" అంది పోలేశ్వరి.

"అంతకన్నా ఎక్కువే. 'ఎస్తెరా' అని పెద్ద ఓడ. దానికి పంపు సగంలో ఉండగా గొట్టాల అతుకు, ఆ ఫ్లాంజి కాడ, ప్యాకింగు పోయి గంజి సిమ్మడం మొదలెట్టినాది. మార్సాలంటే గొట్టం మొత్తం ఇప్పాల. అంతలోకి ఓడ వొంతు తప్పిపోద్ది. మేస్త్రీ తల బాదుకుంటన్నాడు. నాను, ఒక్క నిమిసం పంపు ఆపండి బాబూ అని, బోల్టులు రెండు వొదులు సేసి, సందులోకి దట్టించి బిగించేసినాను. సుక్క కారితే ఒట్టు! ఓడ కేప్టెన్ పైనుంచి నాకు సెల్యూట్ కొట్నాడే."

"ఏం దట్టించావన్నా?" అంది రత్నం, ముద్ద కలుపుకుంటూ.

"మన పాత మందే. బెల్లం, సబ్బు."

సముద్రం మీద బోటు నడిపినవాళ్లకూ, ఘాటు రోడ్ల మీద లారీ నడిపినవాళ్లకూ ఈ చిట్కా కొత్తది కాదు. డీజిల్ ట్యాంకు కారుతుంటే బట్టల సబ్బునూ బెల్లాన్నీ కలిపి పిసికి చిల్లులో దట్టిస్తారు. నూనెలో బెల్లం కరగదు. రాయిలా పట్టుకుంటుంది. ఎల్లాజీ ఆ ముద్దతో ఎన్ని బోట్లను ఒడ్డుకు చేర్చాడో చెప్పలేం. కానీ గంజి నూనె కాదు. అందులో సగానికి పైగా నీళ్లే.

రత్నం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఎంత బెల్లం?"

"నిమ్మకాయంత."

"గొట్టం విప్పాక చూశావా? బెల్లం ఉందా?"

ఎల్లాజీ మొహంలో నవ్వు కొంచెం తగ్గింది. "అదే వింతగున్నాది. సబ్బు మిగిల్నాది గానీ బెల్లం కరిగి పోనాది. ఏటే? అలగ సూస్తన్నావేటి?"

"ఓడ ఎక్కడుంది?"

"కాలవలోకి ఎల్లిపోనాది. మన ఊరి తేరు లాగ నెమ్మదిగా, ముందొక ఓడ ఎనకొక ఓడ."

బెల్లం ట్యాంకులోకి పోయింది. నిమ్మకాయంతయినా, ఆవగింజంతయినా ఒకటే. ఎంతసేపట్లో ట్యాంకంతా లేస్తుందో రత్నానికీ తెలియదు. పీపా అయితే ప్రయోగశాలలో చూసింది. ఓడ ట్యాంకు మీద ఎవరూ చెయ్యమనలేదు కనక చెయ్యలేదు. ఎంగిలి చేత్తోనే ఫోను అందుకుని పెరట్లోకి పోయింది. ఆ క్షణంలో ఆవిడ పిలవవలసింది కాలువ టవర్‌ను. పిలిచింది మాత్రం కంపెనీ డైరెక్టరు మల్హోత్రాను.

మల్హోత్రా అంతా నిదానంగా విన్నాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. "లేచిందని నీకెలా తెలుసు? బెల్లం దారిలోనే కొట్టుకుపోయి ఉండొచ్చుగా? ట్యాంకులో ఒత్తిడి పెరిగిందా?"

"ట్యాంకులకు ఒత్తిడి మీటర్లు లేవు సర్. నిద్రపోయేదానికి మీటరు దేనికని మనమే వద్దన్నాం."

"అయితే రుజువు లేదన్నమాట. రత్నం, కాలువను ఆపితే ఎందుకు ఆపమన్నావని అడుగుతారు. ఏం చెబుతావు? తీపి తగిలింది అంటావా? రేపటికల్లా ప్రతి రేవులోనూ ఎవడి పాకం వాడు కాచుకుంటాడు. పైగా ఎవరు చేశారని అడుగుతారు. ఎవరి పేరు చెబుతావు?"

రత్నం ఫోను రెండో చెవికి మార్చింది.

"ముందు ప్రయోగశాలకు వెళ్లి చూడు. అదే ముద్ద, అదే మోతాదు. నిజంగా లేస్తుందనుకో, టవర్‌కు నేనే చెబుతాను."

లేస్తుందని రత్నానికి తెలుసు. అయినా వెళ్లింది. రుజువు చూడకుండా ఏ మాటా అనకూడదని ఇన్నేళ్లుగా ప్రయోగశాలలో కుర్రవాళ్లకు పాఠం చెప్పిన మనిషి. కానీ అసలు కారణం అది కాదు. ఇంకాసేపు అన్న పేరు నోటితో పలకాల్సిన అవసరం తప్పుతుందని లోపల ఎక్కడో ఆవిడకు ఊరట కలిగింది.

ఎల్లాజీ పనిసంచీలో మిగిలిన సబ్బుబెల్లం ముద్దను తీసుకుని ప్రయోగశాలకు పరుగెత్తింది. గాజు జాడీలో గంజి పోసి, ముద్దలో గోటితో గీకినంత వేసి, మూత బిగించి, ఎదురుగా కూర్చుంది. ముద్ద నెమ్మదిగా అడుగుకు జారింది. దాని చుట్టూ లేత గోధుమరంగు చార ఒకటి అల్లుకుంది. ఆపైన ఏమీ జరగలేదు. గోడ గడియారం చూసింది, జాడీ చూసింది. ఇంకా ఏమీ జరగలేదు. లేవకపోతే బాగుండు, నా లెక్క తప్పయితే బాగుండు, ఇన్నేళ్ల చదువూ బూడిదైపోయినా సరే అని మొక్కుకుంది. తన ప్రయోగం తప్పాలని ఆవిడ కోరుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే.

అరగంట గడిచాక అడుగునుంచి ఒక బుడగ లేచింది. తర్వాత రెండు. తర్వాత జాడీ మొత్తం అన్నం ఉడికినట్టు కుతకుతలాడింది. ఆవిడ కుర్చీలోంచి లేచేలోపు మూత ఎగిరి పైకప్పుకు కొట్టుకుంది.

మల్హోత్రా ఫోను ఎత్తలేదు. రెండోసారి ఎత్తలేదు. మూడోసారి ఆవిడే టవర్‌కు చేసింది.

"ఎస్తెరాను ఆపండి. జనాన్ని దించెయ్యండి. ట్యాంకు పేలిపోతుంది," అంది ఇంగ్లీషులో.

టవర్‌లో ఉన్న కుర్రవాడు, "ఎస్తెరానా? ఇందాకట్నుంచీ బార్జి వైర్‌లెస్‌లో ఎవరో ఆ పేరే అరుస్తున్నాడు. ఎస్తెరా, షుగర్, షుగర్ అంటున్నాడు. తక్కిన మాటలు మాకు అర్థం కాలేదు. ఓడకు పంచదార సరుకు అందలేదేమో అనుకున్నాం. లైను ఖాళీ చెయ్యమని గట్టిగా చెప్పాం," అన్నాడు.

చెల్లెలి మొహం చూసి ఎల్లాజీ సగం అర్థం చేసుకున్నాడు. మిగిలిన సగం ఎవరినీ అడగలేదు. సముద్రం మీద పక్కవాడి బోటుకు ఆపదని అనుమానం వస్తే చాలు, ముందు కేక పెడతారు. తప్పెవరిదో ఒడ్డుకు చేరాక చూసుకుంటారు. అన్నం వదిలేసి రేవుకు పరుగెత్తి, బార్జి ఎక్కి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో అరుస్తూనే ఉన్నాడు. అవతలివాళ్లు నోరు ముయ్యమన్నా అరుస్తూనే ఉన్నాడు.

రత్నం టవర్‌కు చేరేసరికి అక్కడ తెర మీద ఎస్తెరా కనబడుతోంది. కాలువకు రెండువైపులా ఊరు. మేడల మీద ఆరేసిన బట్టలు, గట్టున సైకిళ్ల మీద పిల్లలు. ఓడను నడుపుతున్న పైలట్ ఒక నడివయసు థాయ్ ఆవిడ, అనోంగ్ అని పేరు. ఇక్కడ ఆపనని ఆవిడ వైర్‌లెస్‌లో చెప్పేసింది. ఊరు దాటితే ఓడలు ఒకదాన్నొకటి తప్పుకునే వెడల్పు మడుగు ఉంది, అక్కడిదాకా తీసుకుపోతానంది. దారిలోనే పడవలు దించమని ఓడ మనుషులకు చెప్పింది. ఒకటి దిగింది. రెండోది దిగుతోంది. ఎస్తెరా ముక్కు మడుగులోకి మళ్లింది.

పొగ రాలేదు. మంటా కనబడలేదు. హైడ్రోజన్ మంట పట్టపగలు కంటికి ఆనదు. పెద్ద చప్పుడైంది, టవర్ అద్దాలు అదిరాయి. ఆ తర్వాత తెర మీద ఓడ పక్కల రంగు దానంతటదే పొక్కి ఊడిపోతోంది. డెక్కు మీద మనుషులు ఏమీ లేని గాలిలోంచి పారిపోతున్నారు, ఏమీ లేని గాలిలో పడిపోతున్నారు. చూస్తున్న టవర్ కుర్రవాడు, "ఎందుకు పడిపోతున్నారు? ఎందుకు?" అని పదేపదే అడిగాడు.

ఊరు బతికింది. పదకొండు మంది పోయారు. చుక్కాని వదలని అనోంగ్, ఇంజనుగదిలోంచి పైకి రాలేకపోయినవాళ్లు, డెక్కు మీద పడిపోయినవాళ్లు, ఓడకు తాళ్లు అందిద్దామని చిన్న పడవలో దగ్గరికి వెళ్లిన ఇద్దరు కాలువ పనివాళ్లు. అరగంట ముందు చెప్పి ఉంటే అందరూ గట్టు మీద ఉండేవాళ్లు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. రత్నం కూడా వాదించుకోలేదు.

ఎల్లాజీని బార్జి మీదనుంచే పట్టుకుపోయారు. బెల్లం సంగతి వాళ్లు బెదిరించి రాబట్టలేదు. అడగ్గానే తనే చెప్పాడు. కాలువ చట్టంలో ఓడకు తెలియక హాని చేస్తే పనిలోంచి తీసి ఇంటికి పంపేస్తారు. తెలిసి చేస్తే బతికినన్నాళ్లూ జైలే. కాబట్టి అంతా ఒక్క ప్రశ్న దగ్గరికి వచ్చి నిలబడింది. తీపి తగలకూడదని ఎల్లాజీకి ముందే తెలుసా, తెలియదా?

మర్నాడు పొద్దున మల్హోత్రా రత్నం గదికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు బార్జి వాళ్లందరినీ నోటిమాటగా హెచ్చరించావు. అతను లెక్కచెయ్యలేదు. అంతే జరిగింది," అన్నాడు.

"అలా జరగలేదు సర్."

"జరగలేదంటే ఏమవుతుందో ఆలోచించు. ప్రమాదం తెలిసీ దాచినవాళ్లదే నేరమంటారు. నీకు తెలుసు. గంజిని తయారుచేసిందీ నువ్వే. ఆ అరగంట సంగతి కూడా బయటికి వస్తుంది. జైలుకు పోయేది మీ అన్న కాదు, నువ్వు." ఆయన గొంతులో జాలి కూడా ఉంది, అదే మరీ అసహ్యంగా ఉంది. "మీ వదినకూ పాపకూ ఏ లోటూ రాకుండా కంపెనీ చూసుకుంటుంది. నా మాట నమ్ము."

రత్నం తల ఊపలేదు, కాదనీ అనలేదు. ఆయన దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టుకుని వెళ్లిపోయాడు. నిజానికి అది భయం. జైలంటే ఆవిడకు భయం వేసింది. తనమీద తనకు రోత పుట్టినా భయం మాత్రం తగ్గలేదు.

ఇంట్లో పోలేశ్వరి బియ్యం కడుగుతోంది. రత్నం గుమ్మంలో నిలబడింది. వదిన తలెత్తలేదు.

"ఒలే రత్తం, నాకొక్కటే సెప్పు. బెల్లం తగలకూడదని ఆయనకి సెప్పినావా?"

"నేదొదినా."

"ఆయన అడిగినాడా?"

"అడిగినాడు."

పోలేశ్వరి కడుగునీళ్లు వంచేసింది. మళ్లీ నీళ్లు పోసింది. "మరయితే ఆ మాట అక్కడ సెప్పు," అంది.

"సెప్తే నన్ను జైల్లో ఎడతారొదినా."

"తెలుసు," అంది పోలేశ్వరి. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. బియ్యం గిన్నె పొయ్యి మీద పెట్టి కళ్లు కొంగుతో తుడుచుకుంది. రత్నానికి ఆవిడ నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

విచారణ రేవు పక్కన పొడుగాటి హాల్లో జరిగింది. అధ్యక్ష స్థానంలో నౌకాదళంలో పనిచేసి వచ్చిన విచాయ్ అనే పెద్దాయన. ఎల్లాజీని ఇంటికి పంపాలా, కోర్టుకు అప్పజెప్పాలా అన్నది ఆయన ఆ పూటే తేల్చాలి. వెనక బెంచీల మీద చనిపోయినవాళ్ల మనుషులు కూర్చున్నారు. అనోంగ్ మొగుడు ముందువరసలో ఒళ్లో ఆవిడ టోపీ పెట్టుకుని ఉన్నాడు.

భాషలు తర్జుమా చేసే యంత్రం బల్ల మీద పెట్టారు. దానికి తెలుగు వచ్చన్నారు. వచ్చింది పుస్తకాల తెలుగు. ఎల్లాజీ నోరు తెరిచి రెండు ముక్కలు చెప్పగానే అది చేపల ధరల గురించి ఏదో చెప్పుకుపోయింది. విచాయ్ విసుక్కుని దాన్ని ఆపేశాడు.

మల్హోత్రా లేచాడు. "మా డాక్టర్ నూకరత్నానిది అదే భాష. ఆవిడ చెప్పగలరు."

"ఆవిడ ఇతని చెల్లెలు కదా?"

"అతని తరఫున అబద్ధం చెబుతారేమోననా మీ అనుమానం? ఇతన్ని తానే హెచ్చరించానని సాక్ష్యం చెప్పబోయేది ఆవిడే సర్," అన్నాడు మల్హోత్రా. ఆయనకు తన లెక్క మీద అంత ధీమా.

విచాయ్ కొంచెం ఆలోచించి సరేనన్నాడు. రత్నం లేచి వెళ్లి అన్న పక్కన నిలబడింది. ఆయన గడ్డం మాసి ఉంది. చెల్లెల్ని చూసి, తిన్నావా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

"తీపి పదార్థం తగలకూడదని ఇతనికి ముందుగా ఎవరైనా చెప్పారా? అడగండి," అన్నాడు విచాయ్.

రత్నం అడిగింది. "అన్నా, గంజికి తీపి తగలకూడదని నీకెవులైనా సెప్పినారా?"

ఎల్లాజీ చెల్లెలి వైపు తేరిపార చూశాడు. వెనక ఉన్న మల్హోత్రాను చూశాడు. తనకు ఎవరూ ఏమీ చెప్పలేదు, అయినా ఆ రెండు మొహాలూ చూసి సంగతంతా గ్రహించాడు.

"సెప్పినారు. మా సెల్లే సెప్పినాది," అన్నాడు గట్టిగా. "పనిలో సేరిన రోజే సెప్పినాది. నానే పెడసెవిన ఎట్టినాను. తప్పంతా నాదే." తర్వాత గొంతు తగ్గించి, "అల్లగే సెప్పేయే ఆలకి. నిన్ను సూసి మన పేటలో ఆడగుంటలంతా బడికెల్తన్నారు. నువ్వు లోపలికెల్తే రేపు ఆల అయ్యలు ఏటంతారు? నా సంగతేటి, నానెక్కడున్నా ఒకటే," అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు విచాయ్.

హాలంతా ఆవిడ నోటి వైపే చూస్తోంది. తనకు రావలసిన జైలును అన్న తన నెత్తిన పెట్టుకుని, ఇక నువ్వు పోవచ్చని దారి చూపిస్తున్నాడు. ఆయన అన్న మాటలు ఉన్నవున్నట్టు చెబితే చాలు. అబద్ధం కూడా ఆడనక్కరలేదు. ముందు రత్నం ఒంట్లోంచి బరువు దిగినట్టయింది. అలా దిగినందుకు సిగ్గుతో ఆవిడ చెవులు మండిపోయాయి. ముందువరసలో టోపీ పట్టుకున్న మనిషి ఆవిడనే చూస్తున్నాడు.

"ఎవరూ చెప్పలేదంటున్నాడు," అంది ఇంగ్లీషులో.

ఆ మాత్రం ఇంగ్లీషు ఎల్లాజీకి వచ్చు. ఉలిక్కిపడి లేచాడు. "ఒలే! నానలగ సెప్పనేదే! నో సార్, నో, నో!" రత్నం జబ్బ పట్టుకుని గుంజాడు. "సెప్పినావని సెప్పే! నీకు దండమెడతాను, సెప్పినావని సెప్పే!"

జవాన్లు ఇద్దరు వచ్చి ఆయన్ని పట్టుకున్నారు. మల్హోత్రా సగం లేచి నిలబడ్డాడు. విచాయ్ కలం కింద పెట్టేశాడు.

"ఇప్పుడేమంటున్నాడు?"

"నన్ను కాపాడాలని చూస్తున్నాడు సర్," అంది రత్నం. "నేను చెప్పానని అబద్ధమాడుతున్నాడు. తీపి తగిలితే ఏమవుతుందో నాకు మొదటినుంచీ తెలుసు. ఏం తగలకూడదని అడిగాడు కూడా. నేను చెప్పలేదు. ఎస్తెరా కాలువలో ఉందని తెలిసిన తర్వాత కూడా అరగంట ఊరుకున్నాను."

వెనక బెంచీల్లో ఎవరో గట్టిగా ఏడ్చారు. రత్నం అటు తిరగలేదు. అన్న వైపు తిరిగింది. ఇంగ్లీషులో ఇంతమందికి చెప్పగలిగిన మాటను, చెప్పవలసిన మనిషికి ఇంతవరకూ ఒక్కసారి కూడా చెప్పలేదు.

"నాను నీకు సెప్పనేదన్నా," అంది.

ఎల్లాజీ పెనుగులాట మానేశాడు. జవాన్ల చేతుల్లోనే నేల మీదికి జారి కూర్చుని, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.